తాళం దగ్గర కలిసిన రెండు సాక్సాఫోన్లు

‘సాక్సాఫోన్ ఇండియన్ స్టైల్’ అనే ఆల్బమ్ ఒకటి సంపాదించి అన్నయ్య తమ్ముడికి ఇచ్చాడు. ఇచ్చింది ఏడిపించడానికే. తమ్ముడు అప్పట్లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో ఆల్టో సాక్సాఫోన్ నేర్చుకుంటున్నాడు. జాజ్ ఆల్టో దిగ్గజం చార్లీ పార్కర్ అంటే ప్రాణం. పుట్టింది ఇటలీలోని ట్రియెస్ట్‌లో, పెరిగింది అమెరికాలో కొలరాడో రాష్ట్రం బోల్డర్‌లో, మూలాలు కర్ణాటకలో. పేరు రుద్రేశ్ మహంతప్ప. ఆ పేరు చూడగానే ఇతనికి భారతీయ సంగీతం వచ్చే ఉంటుందని ఎదుటివాళ్లు అనుకునేవారు. అతనికి వచ్చింది మాత్రం జాజ్. అలాంటివాడి మీద వేయడానికి ఇంతకంటే మంచి జోకు దొరకదు.

తీరా విన్నాక జోకు సంగతి పక్కకు పోయింది. రోజూ తన చేతిలో ఉండే వాద్యాన్నే ఎవరో తను ఎన్నడూ ఊహించని తీరులో పలికిస్తున్నారు. ఆ ఎవరో మంగళూరు వైపు విద్వాంసుడు కద్రి గోపాల్‌నాథ్. చాలా ఏళ్ల తర్వాత, 2008లో, ఈ ఇద్దరు ఆల్టో సాక్సాఫోన్ వాద్యకారులూ కలిసి వాయించిన ‘కిన్స్‌మెన్’ అనే రికార్డు న్యూయార్క్‌లోని పై రికార్డింగ్స్ సంస్థ నుంచి వచ్చింది. అసలు సిసలు స్వింగు జాజ్‌నీ దక్షిణాది తాళాన్నీ ఒకే పందిరి కింద కూర్చోబెట్టిన రికార్డుల్లో దాన్ని మించింది చెప్పమంటే కాసేపు ఆలోచించాల్సి వస్తుంది.

ఇటువంటి ప్రయత్నాల గురించి రాసేటప్పుడు రాగం గురించి మాట్లాడటం అలవాటు. తూర్పు రాగం, పడమటి స్వరమేళనం, రెండూ కౌగిలించుకున్నాయి అని రాస్తే చదవడానికి బాగుంటుంది. రికార్డులు వరసగా పెట్టుకుని వింటే మాత్రం వేరే సంగతి తెలుస్తుంది. రాగం దగ్గర ఈ రెండు సంగీతాలూ ఇబ్బంది పడుతూనే వచ్చాయి. ఒకరి భాష ఒకరికి అర్థమైంది తాళం దగ్గర. ఆ సంగతి తెలియడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

సాక్సాఫోన్ అటు జాజ్ కోసమూ పుట్టలేదు, ఇటు కచేరీ కోసమూ పుట్టలేదు. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆరుబయట దూరానికి వినబడే గట్టి గొంతు కాబట్టి ముందుగా దాన్ని చేరదీసింది సైనిక బ్యాండ్లు. అమెరికాలో ఊరేగింపు బ్యాండ్ల నుంచి, నాట్యశాలల బృందాల నుంచి అది జాజ్‌లోకి నడిచింది. మన దేశంలో దొరల పటాలాల వెంట వచ్చి సంస్థానాల బ్యాండ్లలో చేరింది. మైసూరు ప్యాలెస్ బ్యాండు అందులో పేరున్నది. చార్లీ పార్కర్ చేతికీ గోపాల్‌నాథ్ చేతికీ ఈ వాద్యం వచ్చిన దారులు వేరైనా, రెండు దారులూ బయలుదేరింది బ్యాండు మేళం నుంచే.

గోపాల్‌నాథ్ 1949లో దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలోని సజీపమూడలో పుట్టారు. తండ్రి తనియప్ప నాదస్వర విద్వాంసుడు. కొడుకూ మొదట నేర్చింది నాదస్వరమే. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సాఫోన్ విన్న తర్వాత మనసు అటు తిరిగింది. మంగళూరు కళానికేతనంలో ఎన్. గోపాలకృష్ణ అయ్యర్ దగ్గర, ఆ పైన మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర శిక్షణ పొందారు. ఈ రెండో గురువు గాయకుడూ, మృదంగ విద్వాంసుడూ కూడా. తర్వాతి కథ తెలిసినవాళ్లకు ఈ జమిలి విద్య కాకతాళీయంగా అనిపించదు.

నాదస్వరం వదిలి సాక్సాఫోన్ పట్టుకున్నవాడికి మొట్టమొదట ఎదురయ్యే చిక్కు వేళ్ల కింద ఉంటుంది. నాదస్వరంలో రంధ్రాలు నేరుగా వేళ్లకు తగులుతాయి. వేలు మెల్లగా జారిస్తే స్వరమూ మెల్లగా జారుతుంది. సాక్సాఫోన్‌లో రంధ్రం మీద మెత్తవేసిన మూత, ఆ మూతకు మీట. మీట నొక్కితే మూసుకుంటుంది లేదా తెరుచుకుంటుంది, మధ్యే మార్గం లేదు. శంకరాభరణంలో నాలుగు స్వరాలు వాయించి గట్టెక్కవచ్చు. తోడి ఎత్తుకుంటే ఆటలు సాగవు. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగిసలాటే తోడి. గోపాల్‌నాథ్ దాన్ని పెదవుల బిగింపుతో, ఊపిరితో, మీటల మీద వేళ్ల ఒడుపుతో సాధించారు. వాద్యంలోనూ తనకు కావలసిన మార్పులు చేసుకున్నారు. ఏళ్లు పట్టింది. పరాయి వాద్యం మీద త్యాగరాజ కృతి ఏమిటన్న పెద్దలు ఆ తర్వాత మెత్తబడ్డారు. మెత్తబడక తప్పదు మరి, వాళ్ల పక్కనే కూర్చున్న వయొలిన్ కూడా ఓడెక్కి వచ్చిందే.

1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో గోపాల్‌నాథ్ వాయిస్తుండగా, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన జాన్ హ్యాండీ అనే జాజ్ సాక్సాఫోన్ వాద్యకారుడు విన్నాడు. నేనూ వేదిక ఎక్కి మీతో వాయించవచ్చా అని అడిగాడు. అడిగి వాయించాడు. గోపాల్‌నాథ్ పేరు కచేరీ సభల గడప దాటి బయటి దేశాలకు చేరడానికి దారి వేసిన సందర్భంగా దీన్ని చెప్పుకుంటారు. హ్యాండీ చొరవకు వెనక చాలా కథ ఉంది.

అమెరికా బృందాలు మన దేశంలో జాజ్ వాయించడం అప్పటికే పాత మాట. 1930లలోనే బొంబాయి తాజ్ మహల్ హోటల్లో లియాన్ అబీ బృందం, పియానో వాద్యకారుడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ వాయించారు. వాళ్ల దగ్గర మెళకువలు పట్టిన గోవా సంగీతకారులు హోటళ్లలోనూ, ఆ తర్వాత హిందీ సినిమా ఆర్కెస్ట్రాలలోనూ స్థిరపడ్డారు. అయితే అదంతా నాట్యం కోసం వాయించే సంగీతం. హోటల్ హాల్లోకి మృదంగం రాలేదు, ఎవరూ రమ్మనలేదు.

తలుపు అటువైపు నుంచి తెరుచుకుంది. 1961 నవంబరులో జాన్ కోల్ట్రేన్ న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ‘ఇండియా’ అనే రచన రికార్డు చేశాడు. స్వరమేళనాలు (కార్డులు) మారిపోతూ ఉండే పద్ధతి పక్కనపెట్టి, ఒకే ఆధార శ్రుతి మీద సోప్రానో సాక్సాఫోన్‌ను సాగనిచ్చాడు. రవిశంకర్ మీద గౌరవంతో కొడుకుకు రవి అని పేరు పెట్టుకున్నాడు. కోల్ట్రేన్ మన సంగీతం నుంచి తీసుకున్నది శ్రుతి, ధ్యానం. తాళం లెక్క అతనికి అక్కర్లేకపోయింది. వెనక డ్రమ్ముల మీద ఎల్విన్ జోన్స్ ఉంటే ఇంకొకరి లెక్కతో పనేముంది?

లెక్కను కూడా లోపలికి తెద్దామన్న మొదటి పెద్ద ప్రయత్నం లండన్‌లో జరిగింది. జో హారియట్ జమైకాలో పుట్టి, కింగ్‌స్టన్‌లోని ఆల్ఫా బడిలో సంగీతం నేర్చుకుని, 1951లో ఇంగ్లండు చేరిన ఆల్టో వాద్యకారుడు. జాన్ మేయర్ కలకత్తాలో పుట్టిన ఆంగ్లో ఇండియన్, వయొలిన్ వాద్యకారుడు, స్వరకర్త. నిర్మాత డెనిస్ ప్రెస్టన్ పూనికతో ఈ ఇద్దరూ ఐదుగురు జాజ్ వాళ్లనీ, మేయర్‌తో కలిపి ఐదుగురు భారతీయ సంగీతం వాళ్లనీ ఒక గదిలో చేర్చారు. ఒకవైపు ట్రంపెట్, పియానో, బాస్, డ్రమ్ములు. ఇంకోవైపు సితార్ మీద దివాన్ మోతీహార్, తబలా మీద కేశవ్ సాఠే, తంబురా. 1966లో ‘ఇండో జాజ్ సూట్’, ఆ తర్వాత ‘ఇండో జాజ్ ఫ్యూజన్స్’ పేరుతో రెండు భాగాలు వచ్చాయి.

ఇవాళ వింటే ఆ రికార్డులు కొంచెం బిగుసుకుని కూర్చున్నట్టు ఉంటాయి. మేయర్ రాగాన్ని, తాళాన్ని కాగితం మీద రాసిచ్చాడు. జాజ్ వాళ్లు చూసి వాయించారు. సితార్ వంతు రాగానే జాజ్ ఆగుతుంది. ట్రంపెట్ వంతు రాగానే సితార్ తప్పుకుంటుంది. పియానో కట్టిపడేసిన స్వరాల పక్కన సితార్ జారుడు వినడానికి చెవికి ఇబ్బందిగానే ఉంటుంది. అయినా హారియట్ సోలో ఎత్తుకున్నప్పుడు అన్నీ మరచిపోతాం. పరిమితమైన స్వరాలతో, తనది కాని ఆవర్తంలో, తప్పించుకునే దారి వెతికే మనిషి ఆదుర్దా అతని వాద్యంలో వినిపిస్తుంది. 1973లో, 44 ఏళ్లకే అతను పోయాడు.

జాన్ హ్యాండీ మరో దారి పట్టాడు. అతను జాజ్ బాస్ వాద్యకారుడు చార్ల్స్ మింగస్ బృందంలో, 1959 నాటి ‘మింగస్ ఆహ్ ఉమ్’ రికార్డులో వాయించినవాడు. 1975లో అలీ అక్బర్ ఖాన్ సరోద్, జాకిర్ హుస్సేన్ తబలా, ఒక తంబురా, తన ఆల్టో సాక్సాఫోన్, ఇంతమందితోనే ‘కరుణ సుప్రీమ్’ రికార్డు చేశాడు. అలీ అక్బర్ ఖాన్ అప్పటికే కాలిఫోర్నియాలో సంగీత కళాశాల నడుపుతున్నారు. బాస్ లేదు, డ్రమ్ములు లేవు, పియానో లేదు. దాంతో గొడవ తగ్గి రికార్డుకు హాయిగా ఊపిరి ఆడింది. సరోద్ ఒక మాట అంటే సాక్సాఫోన్ దాన్ని బ్లూస్ యాసలో తిరిగి అంటుంది. 1980 నాటి ‘రెయిన్‌బో’ రికార్డులో ఎల్. సుబ్రహ్మణ్యం వయొలిన్ కూడా తోడైంది. ఆ ఏడే బొంబాయిలో గోపాల్‌నాథ్‌ని విని హ్యాండీ వేదిక మీదికి ఎందుకు ఎక్కాడో ఇప్పుడు ఊహించవచ్చు. ఇన్నేళ్లుగా సరోద్ పక్కన నిలబడి సాధన చేస్తున్న పనిని తన వాద్యం మీదే పూర్తిగా చేసి చూపించిన మనిషి ఎదురయ్యారు.

‘కరుణ సుప్రీమ్’ అందమైన రికార్డు. ఒక చిక్కు మాత్రం ఉంది. జాజ్‌కు కాళ్లు బాస్, డ్రమ్ములు. వాటిని ఇంటి దగ్గర వదిలేసి హ్యాండీ అతిథిగా వెళ్లాడు. మేయర్ రికార్డులో రెండు ఇళ్లవాళ్లూ ఉన్నారు కానీ మధ్యలో గోడ ఉంది. ఇక్కడ గోడ లేదు, ఒక ఇల్లే లేదు.

ఆ గోడ ఎందుకు అవసరం లేదో తెలియాలంటే కాసేపు లెక్కలోకి దిగాలి. స్వింగు జాజ్‌లో ఒక బారుకు 4 దెబ్బలు. బాస్ దెబ్బకొక స్వరం చొప్పున నడుస్తూ ఉంటుంది. డ్రమ్మర్ కుడి చేయి తాళం చిప్ప మీద ఆపకుండా ఆడుతుంది. ఒక దెబ్బను మూడు ముక్కలు చేసి మొదటి రెండింటినీ కలిపేస్తే, ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా వచ్చే నడక స్వింగుకు దగ్గరగా ఉంటుంది. మన భాషలో తిశ్ర గతి వాసన దానికి ఉంది. వేగం పెరిగేకొద్దీ ఆ పొడుగు పొట్టి తేడా తగ్గి చతురశ్రం వైపు ఒరుగుతుంది. కచ్చితంగా ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలన్నది ఒక్కో డ్రమ్మర్ సొంత సంతకం.

జాజ్ వాళ్లకు ఇంకో ఆనవాయితీ ఉంది. పాట చివరికొచ్చేసరికి సాక్సాఫోన్ 4 బార్లు వాయించి ఆపితే డ్రమ్మర్ 4 బార్లు అందుకుంటాడు, మళ్లీ సాక్సాఫోన్, మళ్లీ డ్రమ్ములు. 4 బార్లంటే 16 దెబ్బలు. ఆది తాళం రెండు ఆవర్తాలూ 16 దెబ్బలే. ఇప్పుడు మొదటి దెబ్బ వదిలేసి, రెండో దెబ్బ దగ్గర ఎత్తుకుని, దెబ్బకొక అక్షరం చొప్పున ‘త ది గి ణ తొం’ అని మూడుసార్లు వేస్తే 15. వదిలింది 1, వేసింది 15. చివరి ‘తొం’ తర్వాతి దెబ్బ సమం. మృదంగం నేర్చుకునే పిల్లలకు తొలినాళ్లలో చెప్పే ముక్తాయింపుల్లో ఇటువంటిది ఒకటి ఉంటుంది. చేత్తో తాళం వేస్తూ చెప్పి చూసుకోవచ్చు. ఐదేసి అక్షరాల మాట నాలుగేసి దెబ్బల తాళానికి అడ్డంపడుతూ పోయి, తప్పిపోయిందేమో అనుకునే వేళకు సరిగ్గా ఇంటి ముందు నిలబడుతుంది.

జాజ్ డ్రమ్మర్ చేసే పనీ ఇదే. నాలుగు మీద మూడేసి దెబ్బల గుత్తులు పరిచి, వినేవాళ్లకు కాలు తడబడేలా చేసి, తర్వాతి బారు మొదటి దెబ్బ మీద తాళం చిప్పను మోగిస్తాడు. వాళ్లు ‘వన్’ అంటారు, మనవాళ్లు ‘సమం’ అంటారు. అది వచ్చినప్పుడు హార్లెంలోనూ మైలాపూర్‌లోనూ తల ఒక్కలాగే ఊగుతుంది. జాజ్‌లో ఆ లెక్క చేతికి అలవాటైన సంగతి. మనకు అది నోటితో చెప్పగలిగే శాస్త్రం. తేడా అంతకు మించి పెద్దది కాదు. రాగం విషయంలో అలా కాదు. జాజ్ పాటలో 32 బార్ల పొడుగునా స్వరమేళనాలు మారిపోతూ ఉంటాయి. ఒకే గాంధారం ఈ బారులో చుట్టం, తర్వాతి బారులో పరాయి. ఆధార షడ్జం మీద కూర్చున్న రాగానికి ఆ బతుకు పడదు.

ఈ సంగతి ముందుగా పట్టినవాడు చార్లీ మరియానో. 1923లో బోస్టన్‌లో పుట్టాడు. చార్ల్స్ మింగస్ 1963 నాటి ‘ద బ్లాక్ సెయింట్ అండ్ ద సిన్నర్ లేడీ’లో అతని ఆల్టో ఏడుస్తూ, మొత్తుకుంటూ వినిపిస్తుంది. 1960ల్లో పని మీద కౌలాలంపూర్‌లో ఉన్నప్పుడు అక్కడి తమిళుల నాదస్వరం చెవిన పడింది. విని ఊరుకోలేదు, నేర్చుకున్నాడు. తర్వాత దక్షిణ భారతదేశం వచ్చి మరికొంత నేర్చుకున్నాడు. 1970ల్లో తన రికార్డుల్లోనూ నాదస్వరం వాయించాడు. నాదస్వరం వదిలి సాక్సాఫోన్‌కు వచ్చిన గోపాల్‌నాథ్‌కు ఇతను సరిగ్గా ఎదురు నడక.

మరియానోకు కావలసినవాళ్లు బెంగళూరులో దొరికారు. 1964లో మొదలైన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్‌లో మృదంగ విద్వాంసుడు టి.ఎ.ఎస్. మణి, ఆయన భార్య, గాయని ఆర్.ఎ. రమామణి, వాళ్ల చుట్టూ ఘటం, కంజీర, మోర్సింగ్, నోటితో జతులు చెప్పే కొన్నకోల్ తెలిసినవాళ్లు. 1983లో జర్మనీకి చెందిన ఇసిఎం సంస్థ ‘జ్యోతి’ రికార్డు విడుదల చేసింది. ‘వందనం’, ‘సప్తర్షి’, ‘భజన్’ వంటి రచనలు రమామణివి. బాస్, డ్రమ్ములు ఇక్కడా లేవు. అయినా మరియానో అతిథిలా వినిపించడు. కొన్నకోల్ చెబుతున్న జతి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసి, ఆ సందులో ఊపిరి తీసుకుని, ముగింపు దగ్గర వాళ్లతో కలిసి దిగుతాడు. రాగం విషయంలో అతను పొరపాటున కూడా విద్వాంసుడినని చెప్పుకోలేదన్నట్టు వాయిస్తాడు. తాళం విషయంలో మాత్రం బృందంలో ఒకడు. 2009లో చనిపోయేదాకా ఈ బెంగళూరు స్నేహాన్ని అతను వదల్లేదు.

అదే 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో పాలకొల్లు కుర్రవాడు మాండలిన్ శ్రీనివాస్, పట్టుమని పధ్నాలుగేళ్లవాడు, వాయించి వచ్చాడు. జాజ్ వినడానికి వచ్చినవాళ్లు కర్ణాటక కచేరీకి ఊగిపోయారు. అది జాజ్ కాదని వాళ్లకు తెలుసు. ముక్తాయింపు ఎక్కడ దిగుతుందో తెలుసుకోవడానికి రాగలక్షణం తెలిసి ఉండనక్కర్లేదు.

మళ్లీ రుద్రేశ్ దగ్గరికి. చదువు ముగిశాక అతను న్యూయార్క్ చేరి, పియానో వాద్యకారుడు విజయ్ అయ్యర్‌తో జత కలిశాడు. ఇద్దరివీ దక్షిణాది మూలాలు, ఇద్దరూ అమెరికాలో పెరిగినవాళ్లు, ఇద్దరికీ ఒకే తలనొప్పి: మీవాళ్ల భాష మాట్లాడతావా, అదే, ఆ ‘ఇండియన్’? రుద్రేశ్ ఈ తలనొప్పినే 2004లో ‘మదర్ టంగ్’ అనే రికార్డుగా చేశాడు. అమెరికాలోని భారతీయులను ఇలాంటి ప్రశ్నే అడిగి, వాళ్ల వాళ్ల మాతృభాషల్లో జవాబులు రికార్డు చేసి, ఆ మాటల్లోని ఎత్తుపల్లాలను, విరామాలను, తొందరలను స్వరాలుగా రాసుకున్నాడు. ఆ స్వరాలే పాటలయ్యాయి. పాటలకు భాషల పేర్లే: కన్నడం, గుజరాతీ, కొంకణి, తమిళం, మలయాళం. ‘తెలుగు’ కూడా ఉంది. ఎవరో తెలుగు మనిషి మామూలుగా అన్న నాలుగు ముక్కల నడక మీద ఒక జాజ్ బృందం మొత్తం పరిగెడుతుంది. సితార్ లేదు, తబలా లేదు. తెలుగు పేరుతో జాజ్ రికార్డు మీద పాట ఉందని తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు, అది వేరే సంగతి.

2005లో న్యూయార్క్‌లోని ఏషియా సొసైటీ రుద్రేశ్‌కు కొత్త రచన పని అప్పగించింది. బర్క్‌లీ నాటి ఆల్బమ్ మళ్లీ గుర్తుకు రావలసిన వేళ అది. అతను గోపాల్‌నాథ్‌ని కలిసి, ఇరువైపుల వాళ్లతో ‘దక్షిణ ఎన్‌సెంబుల్’ అని బృందం కట్టాడు. ఎవరెవరిని ఎంచుకున్నాడో చూస్తే, అంతకుముందు రికార్డుల తప్పులు అతనికి బాగా తెలుసని అర్థమవుతుంది. పియానో లేదు. దాని చోట గిటార్, రెజ్ అబ్బాసీ. గిటార్ తీగను లాగితే స్వరం వంగుతుంది, గమకం పక్కన గోడలా నిలబడదు. బాస్ ఉంది, కార్లో డి రోజా. డ్రమ్ములు ఉన్నాయి, రాయల్ హార్టిగన్, ఆఫ్రికా, ఆసియా తాళ సంప్రదాయాలు చదువుకున్నవాడు. మృదంగం పూవలూరు శ్రీజి, అమెరికా విశ్వవిద్యాలయాల్లో బోధిస్తూ రెండు వైపుల లెక్కా తెలిసినవారు. జాజ్ తన కాళ్లతోనే వచ్చింది, మృదంగం తన ముక్తాయింపులతోనే వచ్చింది.

వయొలిన్ ఎ. కన్యాకుమారి. ఈ బృందంలో తెలుగు నేల నుంచి వెళ్లిన మనిషి ఆవిడే. విజయనగరంలో పుట్టారు; ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊరు, వయొలిన్‌కు పేరుపడ్డ ఊరు. ఇవటూరి విజయేశ్వరరావు గారి దగ్గర మొదలుపెట్టి, మద్రాసు చేరి ఎం. చంద్రశేఖరన్ దగ్గర, ఎం.ఎల్. వసంతకుమారి దగ్గర నేర్చుకున్నారు. వసంతకుమారి కచేరీలకు ఏళ్ల తరబడి పక్కవాద్యం వాయించారు. గోపాల్‌నాథ్‌కు కూడా ఆవిడ పాత తోడు. తర్వాతి రోజుల్లో, 2016కు, మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఆవిడకు ఇచ్చింది. వయొలిన్ విద్వాంసురాళ్లలో ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి. ‘కిన్స్‌మెన్’లో రచనకూ రచనకూ మధ్య చిన్న చిన్న ఆలాపనలు ఉంటాయి. వాటిలో ఒకటి ఆవిడ పేరు మీదే ఉంది.

రికార్డు పెట్టుకుని వినేటప్పుడు రెండు ఆల్టోలనూ విడదీసి పట్టుకోవడం మొదటిసారి కష్టం. రెండో వినికిడికి తేలిక. గోపాల్‌నాథ్ స్వరం మీద నిలబడరు, స్వరం చుట్టూ తిరుగుతారు. ఆయన గొంతులో నాదస్వరపు పదును ఉంది. రుద్రేశ్ స్వరాలు చిక్కగా, సూటిగా, ఒకదాని వెంట ఒకటి తోసుకుంటూ వస్తాయి. ‘గణేశ’ వంటి రచనలో ఇద్దరూ ఒకే బాణీ కలిసి పలుకుతుంటే, గమకం ఉన్న గీతా గమకం లేని గీతా పక్కపక్కనే పోతూ మధ్యలో ఒక చిన్న రాపిడి పుడుతుంది. ఆ రాపిడిని సాపు చేయాలని రుద్రేశ్ చూడలేదు. అది మంచి నిర్ణయం. ‘కల్యాణి’ అన్న రచన ఉంది, ‘స్నేక్’ అన్నది ఉంది. రాగాల దగ్గర ఎవరి పద్ధతి వారిదే. మృదంగం, డ్రమ్ములు ఎదురెదురుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాక మాత్రం ఎవరు ఏ దేశం వారన్న ప్రశ్న వినేవాడికి తట్టదు.

ఒప్పుకోవలసింది ఒకటుంది. అందరికీ వాయించే చోటు ఇవ్వాలనే మర్యాదలో కొన్ని రచనలు సాగదీసినట్టు ఉంటాయి. కచేరీ మర్యాద వేరు, రికార్డు మర్యాద వేరు. హారియట్ కాలంలో ఒక్కో పక్క ఇరవై నిమిషాల పైచిలుకు పట్టే ఎల్పీ మీద పొదుపు తప్పనిసరిగా వచ్చేది.

గోపాల్‌నాథ్‌కు ఈ రికార్డు ఉన్న కీర్తికి కొసరు. 1994లోనే లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో బిబిసి ప్రామ్స్‌లో వాయించారు. అదే ఏడు కె. బాలచందర్ తీసిన ‘డ్యూయెట్’ సినిమాకు ఎ.ఆర్. రెహమాన్ సంగీతంలో ఆయన సాక్సాఫోన్ దక్షిణాదిలో ఇంటింటికీ చేరింది. 2004లో పద్మశ్రీ వచ్చింది. 2019 అక్టోబరు 11న మంగళూరులో కన్నుమూశారు. తెలుగు నాట ఇవాళ పెళ్లి పందిట్లో డోలు పక్కన సాక్సాఫోన్ కనబడితే ఎవరూ తల తిప్పి చూడరు. ఆ వాయించేవాళ్లలో ఎక్కువమందికి జాన్ హ్యాండీ ఎవరో తెలియకపోవచ్చు, కద్రి గోపాల్‌నాథ్ ఎవరో తెలియనివాళ్లు ఉండరు.

రుద్రేశ్ గుగన్‌హైమ్ ఫెలోషిప్ మీద దక్షిణాది సంగీతం మరింత లోతుగా చదువుకున్నాడు. 2011 నాటి ‘సంధి’ ఆ చదువు ఫలితం. అందులో పాల్ఘాట్ రఘు మనవడు అనంత కృష్ణన్ మృదంగం, కంజీర వాయించాడు. 2015లో ‘బర్డ్ కాల్స్’ అని పార్కర్‌కు నివాళిగా ఇంకో రికార్డు చేశాడు. అందులో భారతీయ వాద్యం ఒక్కటీ లేదు, అయినా పార్కర్ పదాలను ముక్కలు చేసి మళ్లీ అతికిన తీరులో జతులు కట్టే అలవాటు కనిపిస్తుంది.

వీటికి సమాంతరంగా అతను నడిపిన చిన్న బృందం ‘ఇండో పాక్ కోఅలిషన్’. ముగ్గురే: రుద్రేశ్, కరాచీలో పుట్టిన రెజ్ అబ్బాసీ, డ్రమ్మర్ డాన్ వైస్. వైస్ న్యూయార్క్ వైపు జాజ్ డ్రమ్మర్. సమీర్ చటర్జీ దగ్గర ఏళ్ల తరబడి తబలా నేర్చి, 2005లో తీన్‌తాల్ తబలా సోలోను అచ్చంగా డ్రమ్ముల మీదికి ఎక్కించి ఒక రికార్డే చేశాడు. 2008లో ఈ ముగ్గురి తొలి ఆల్బమ్ ‘ఆప్తి’లో అతను తబలా మాత్రమే వాయించాడు. 2017లో ‘అగ్రిమ’ వచ్చేసరికి తబలా, డ్రమ్ములు రెండింటినీ కలిపి తన ముందు అమర్చుకున్నాడు. మేయర్ 1966లో పదిమందిని రెండు వరసలుగా కూర్చోబెట్టి చేయాలనుకున్న పని, ఇక్కడ ఒకే బల్ల మీద కూర్చున్న ఒకే మనిషి రెండు చేతుల మధ్య జరుగుతోంది.